శనివారం మూసే గది

జూలై 6, 1981. సోమవారం

మళ్లీ ఒక పసివాడి బొడ్డు చీము పట్టింది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి కాన్పుకు వచ్చినామె కొడుకు. ఇవాళ ఇంటికి పోవాలి. తల్లి కొత్త చీర కట్టుకుని సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నర్సు బొడ్డు మీది గుడ్డ విప్పి ముఖం తిప్పుకుంది. ఆ కొత్త చీరతోనే మళ్లీ మంచమెక్కింది పాపం.

వానలు మొదలైనప్పటి నుంచి ఇదే వరస. అందరూ బతికారు... ఇంతవరకు.

మా దవాఖాన డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి తలుపు వేసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తేనే బాగుండేది. "సుగుణా, లేబర్ రూంలనే ఏదో ఉంది. వాళ్లు ఇంటి కాడికెళ్లి తెచ్చుకున్నది కాదిది" — అంతే అంది.

కత్తెరలు, సూదులు, దూది నర్సులవి. నేల, గోడ, బల్ల, బకెట్ నావి. కనుక ఆ మాట నాకే. ఇంటికి వచ్చే దాకా కోపం తగ్గలేదు. ఎవరి మీదో తెలియని కోపం.

జూలై 7

పొద్దున్నే లేబర్ రూం మొత్తం మళ్లీ కడిగించాను. నా కింద పనిచేసే ఎల్లమ్మ బకెట్‌లో ఫినాయిల్ గుమ్మరించబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ముందు సబ్బునీళ్లు, తర్వాత మంచినీళ్లు, ఆరిన తర్వాతే మందు. ఎన్నిసార్లు చెప్పాలి... మురికి మీద ఫినాయిల్ పోస్తే మురికికి ఫినాయిల్ వాసన వస్తుంది, అంతకు మించి ఏమీ కాదు.

అయినా జనానికి ఆ వాసనే కావాలి. పేషెంట్ల వెంట వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి ముక్కులు ఎగబీల్చి "మంచిగ కడిగిన్రు" అని సర్టిఫికెట్ ఇచ్చి పోతారు.

జూలై 9

ఎల్లమ్మను లేబర్ రూం నుంచి తీసేద్దామా అని అడిగింది డాక్టరమ్మ. చేతులు సరిగ్గా కడుక్కోవడం లేదేమోనని అనుమానం. ఇంకో రెండు వారాలు చూద్దామన్నాను. ఎల్లమ్మ మీద ప్రేమ కొద్దీ కాదు. మనిషిని మార్చి గండం గడిచిందనుకుంటే అసలుది అక్కడే ఉండిపోతుందని భయం.

మధ్యాహ్నం ఎల్లమ్మ చేతులు చూశాను. కడిగే సోడా తినేసి వేళ్ల సందులు తెల్లగా పాలిపోయాయి. నా చేతులూ అంతే.

జూలై 11. శనివారం

కంటికి కనబడని పురుగు చావడానికి లేబర్ రూంలో పొగ పెట్టి మూసే రోజు. ఒంటిగంట నుంచి పని. బల్లలు గోడకు దూరంగా జరిపి అడుగున కూడా తుడిపించాను. కిటికీ సందులకు, వెంటిలేటర్‌కు పాత పేపరు ముక్కలు మైదాతో అంటించాను. నడిమధ్య ఎనామిల్ బేసిన్‌లో పర్మాంగనేట్ పలుకులు. వాటి మీద ఫార్మలిన్ పోసి ఊపిరి బిగబట్టి బయటకు రావడం — ఇన్నేళ్లయినా అక్కడ నాది పరుగే. వెనకాల బుసబుసమని పొగ. తలుపు వేసి దాని సందులకు కూడా పేపరు.

ఈ పని నేర్పింది డాక్టరమ్మే. చెయ్యి పెట్టలేని మూల కూడా ఆ పొగకు దొరుకుతుందట. కాకపోతే తెల్లవార్లూ లోపలే నిలవాలి. మధ్యలో తెరిస్తే చేసిందంతా నేలపాలు, వారానికి సరిపడా తెచ్చే మందు మళ్లీ శనివారానికి గాని రాదు.

రెండింటికి మూసి ఇంటికి వచ్చేశాను. రేపు నాకు చర్చి. ఎల్లమ్మ పొద్దున తెరిచి కిటికీలు తీసిపెడుతుంది. ఎప్పటి పద్ధతే.

జూలై 12. ఆదివారం

మా అమ్మాయి గ్రేసీ కాన్పుకు వచ్చింది. రఘునాథపల్లి నుంచి అల్లుడు బస్సులో తీసుకువచ్చి దింపి పోయాడు. పెద్దవాణ్ని వాళ్ల నానమ్మ దగ్గర వదిలేసి వచ్చింది. ముఖం ఉబ్బింది, కాళ్లూ కొంచెం. నెలలు నిండవచ్చాయి.

అన్నం తింటూ అంది, "ఈసారి ఫికర్ లేదమ్మా. మీ దవాఖాననే గద."

మా ఆయన నవ్వాడు. నేను చారు పోయడానికి లేచాను.

జూలై 13

ఆయనతో అన్నాను, కాన్పుకు పెద్ద దవాఖానకు తీసుకుపోదామా అని. పేపరు దించి నా వంక చూశాడు. "నువ్వు పనిచేసే కాడ నీ బిడ్డకే పనికిరాదంటే, ఇగ వేరేటోళ్లు ఎట్ల అస్తరు?"

ఆయనకు పరువు మాటగా తోచింది. నాకు ఆ మాట ఇంకోలా తగిలింది. నా బిడ్డను అక్కడ పడుకోబెట్టడానికి మనసొప్పనప్పుడు పరాయి వాళ్ల బిడ్డలను రోజూ ఎలా పడుకోనిస్తున్నాను? రేపు డ్యూటీ ఉంది.

జూలై 15

లేబర్ రూం గోడలకు సున్నం వద్దు, నడుమెత్తు దాకా ఆయిల్ పెయింట్ వేయిద్దామని అడిగాను. సున్నం గోడను తుడిస్తే గుడ్డకు సున్నమే వస్తుంది, మురికి రాదు. పెయింట్ అయితే అద్దంలా తుడుచుకోవచ్చు. డాక్టరమ్మ వెంటనే సరేనంది. సింకు పక్కన గచ్చు పగిలి నీళ్లు నిలుస్తున్న చోట సిమెంటు పూయిస్తానంది. ఆ గదికి వేరే బకెట్, వేరే చీపురు. బకెట్‌కు ఎర్ర గీత గీశాను. ఎర్ర గీత బకెట్ వరండాలో కనిపిస్తే ఊరుకోనని అందరికీ చెప్పాను. తుడిచే గుడ్డలు రోజూ ఉడకబెట్టాలి.

ఎల్లమ్మ గొణిగింది, "గుడ్డలు ఉడకబెట్టుడు ఇప్పుడే ఇంటాన."

జూలై 16

పెయింటర్ వచ్చాడు. లేత ఆకుపచ్చ. గది పెళ్లికి ముస్తాబైనట్టుంది.

పొద్దున పుట్టిన పిల్ల బొడ్డు ఎలా ఉందని మూడుసార్లు పోయి అడిగాను. "అక్కా, ఇంకా తెల్లారనే లేదు దానికి" అని నర్సు విసుక్కుంది.

జూలై 18. శనివారం

రాయకపోతే నిద్ర రాదు.

ఎప్పటిలాగే రెండింటికి గది మూశాను. బయలుదేరదామంటే వాన. గొడుగు తేలేదు. సుబేదారి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లని రిక్షావాడు చెప్పాడు. సరేనని స్టోరు గదిలో కూర్చుని పేపరు కత్తిరించుకుంటున్నాను. పొద్దుగూకింది. పైన డాక్టరమ్మ ఇంటి నుంచి గంట చప్పుడు. డాక్టరమ్మ అత్తగారు, మా అందరికీ పెద్దమ్మ, పైన పూజ ముగించి ఒక చేత దీపం, ఒక చేత సాంబ్రాణి పట్టుకుని మెట్లు దిగుతోంది. నొప్పుల మోకాళ్లతో ఒక్కో మెట్టు.

జనరల్ వార్డుకు చూపించింది. మందుల గదికి చూపించింది. తర్వాత లేబర్ రూం ముందు ఆగింది. ఎల్లమ్మ ముందుకు వచ్చి నేను అంటించిన పేపరును గోటితో నెమ్మదిగా లేపి — చిరగకుండా, ఎంత పొందికగానో — తలుపు బార్లా తెరిచింది. పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి దీపం చూపించి దండం పెట్టింది. పొగ వరండా అంతా కమ్మింది. నాకు కళ్లు మండాయి. ఆమె దగ్గుకుంటూ పక్క గదికి పోయింది. ఎల్లమ్మ తలుపు మూసి మైదా గిన్నె తెచ్చి అదే పేపరును మళ్లీ అదే చోట అంటించింది.

ఎన్నాళ్ల నుంచి అని అడిగాను.

"ఎప్పటికెళ్లి అంటే? ఎప్పుడూ గంతే. దీపం యాల్ల తలుపు మూసుకుంటరా అక్కా, ఎవలన్న?"

నాకు చెప్పలేదేమని అడిగితే, "నువ్వు అడగలే గద" అంది. నిజమే. దీపం వేళకు నేనెప్పుడూ అక్కడ లేను. మా ఇంట్లో ఆ వేళకు తలుపు తీసే ఉంటుంది, కాని దీపం కోసం కాదు, ఆయన వస్తాడని.

అందరికీ తెలుసు. దాచినవాళ్లు ఒక్కరూ లేరు.

జూలై 19. ఆదివారం

చర్చికి వెళ్లాను. పాస్టర్ ఏం చెప్పాడో ఒక్క ముక్క గుర్తు లేదు. పక్కన గ్రేసీ కడుపు మీద చెయ్యి పెట్టుకుని పాటలు పాడింది.

జూలై 20

డాక్టరమ్మకు చెప్పాను. చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. ఆమె అదే ఇంట్లో పైన ఉంటుంది. ఆ సాంబ్రాణి వాసన ఆమెకు తెలియదా? తెలుసు. వార్డుల దాకా అనుకుందట. మూసిన గది తలుపు కూడా తీయిస్తారని ఊహించలేదట.

"అత్తమ్మకు నేను చెప్పలేను సుగుణా. పెండ్లయి ఈ ఇంట్లకు అచ్చిన కాంచి ఆమె దీపానికి అడ్డం చెప్పినోళ్లు లేరు. నువ్వు చెప్పు. నీ మాట ఇంటది."

నా మాట... బైబిలు సంచిలో పెట్టుకుని తిరిగేదాన్ని. నేను పోయి లక్ష్మికి తలుపు తీయొద్దని చెప్పాలి. ఆమె ఏమనుకుంటుంది? ఎవరైనా ఏమనుకుంటారు?

ఘన్‌పూర్ పిల్లవాడు ఇవాళ ఇంటికి పోయాడు. నయమైంది. తల్లి అందరికీ దండాలు పెట్టింది, నాక్కూడా. నేను ఎదురు దండం సరిగ్గా పెట్టలేకపోయాను.

జూలై 21

పైకి వెళ్లలేదు. మెట్ల దాకా వెళ్లి, చీపుర్లు లెక్క చూసుకోవాలని గుర్తు తెచ్చుకుని దిగాను. పిరికిదాన్ని.

జూలై 22. బుధవారం

వెళ్లాను. పెద్దమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కూర్చుని నేనూ తీశాను. కాసేపు వాన, కాసేపు ఆమె మోకాళ్లు, కాసేపు గ్రేసీ. తర్వాత చెప్పాను.

"పెద్దమ్మా, శనివారం లేబర్ రూంల గుడ దీపం చూపిస్తరు గద."

"అవునే. పిల్లలు పుట్టే అర్ర. అండ్ల చూపియ్యక ఇంకెక్కడ చూపియ్యాలె?"

"ఆ పొగ తెల్లారేదాక లోపల్నే ఆగాలె. నడుమ తలుపు తీస్తే మొత్తం పోతది పెద్దమ్మా. పురుగు సావది."

ఆమె చేతులు ఆగాయి. "దీపం యాల్లకు తలుపు మూసుంటే లక్ష్మి మర్లిపోతది. మీకు తెల్వది గాని."

మీకు — ఆ మాట గుచ్చుకుంది. ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట వినలేదు. ఇప్పుడు కూడా కోపంతో అనలేదు, ఉన్నదున్నట్టు అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. లేచి వచ్చేద్దామనిపించింది. చేతిలో కాయ ఉంది కనుక దాని ఈనె తీశాను.

"రావద్దంటలేను పెద్దమ్మా. ఆమె అచ్చినంకనే మూద్దాం" అన్నాను.

"ఆఁ?"

"ముందుగాల మీరు దీపం చూపియ్యిండ్రి. ఎనుక నేను మూస్త. లక్ష్మి లోపల్నే ఉంటది గద."

నా ముఖం చూసింది. "ఆ వాసనకు ఉంటదానే?" అని నవ్వింది. భుజాలు కదిలేలా, కళ్ల నీళ్లు వచ్చేలా. నాకూ నవ్వొచ్చింది. నవ్వు తగ్గాక మెల్లగా అడిగింది — ఆ పసిపిల్లల బొడ్లు చీము పట్టింది తను తలుపు తీయించబట్టేనా అని.

"తెల్వది పెద్దమ్మా. అదే కావచ్చు, ఇంకోటి కావచ్చు" అన్నాను. అబద్ధం చెప్పలేదు. చిక్కుడుకాయలు చాలాసేపు అలాగే ఉండిపోయాయి.

జూలై 25. శనివారం

పొద్దుగూకే దాకా ఉన్నాను. గది కడిగి, బేసిన్ పెట్టి, తలుపు తెరిచే ఉంచాను. పెద్దమ్మ దిగివచ్చి తాపీగా దీపం చూపించి, నా వైపు తిరిగి, "అయిపోయింది. ఇగ నీ పని కానియ్యి" అంది. ఫార్మలిన్ పోశాను. పేపరు అంటిస్తుంటే పక్కనే నిలబడి, "గీ కొస కాడ లేస్తాంది చూడు" అని చూపించింది కూడా.

ఇంటికి చేరేసరికి ఎనిమిది. గ్రేసీ అన్నం వండి పెట్టింది. వద్దన్నా వినదు.

జూలై 27

నిన్న తలుపు తీసేసరికి ఎల్లమ్మకు కళ్ల నీళ్లు ధారగా కారాయట. "ఉల్లిగడ్డ సంచిల తలకాయ పెట్టినట్టయిందక్కా. ఇన్నొద్దులు గింత లేకుండె." మొదటిసారి పొగ రాత్రంతా నిలిచిందన్నమాట.

ఎల్లమ్మను మార్చాలన్న మాట డాక్టరమ్మ మళ్లీ ఎత్తలేదు.

జూలై 30

వాన. కడిగింది ఆరడం లేదు. తడి నేలంత పాడు ఇంకొకటి లేదు.

ఆగస్టు 1. శనివారం

మూశాను. శ్రావణం కదా, పెద్దమ్మ ఇవాళ గడపకు పసుపు కూడా రాసింది. రాసిన చోట నేను పేపరు అంటించలేక పక్కకు జరిపి అంటించాను. ఇద్దరం సర్దుకున్నాం.

గ్రేసీని డాక్టరమ్మ చూసింది. బిడ్డ తల కిందికి తిరిగింది, ఇంకో పదిరోజులు పట్టొచ్చంది. గ్రేసీ లేబర్ రూంలోకి తొంగి చూసి, "మంచి రంగు ఏయించినవమ్మా" అంది.

ఆగస్టు 4

పోయిన వారం పుట్టినవాళ్లలో ఒక్కరికీ చీము లేదు. పైకి అనను. అంటే ఏమవుతుందోనని... ఇలాంటి పట్టింపులు నాకు లేవనుకునేదాన్ని.

ఆగస్టు 6

గ్రేసీ నడుము నొప్పి అంటోంది. ఉత్త నొప్పే. వేడినీళ్లు కాచి పోశాను. చిన్నప్పటిలా వీపు రుద్దించుకుంటూ నిద్రపోయింది.

ఆగస్టు 9. ఆదివారం

చర్చికి పోలేదు. నిన్నటిది రాస్తున్నాను.

నిన్న దీపం అయింది. గది మూశాను. చివరి పేపరు అంటిస్తున్నాను, వేళ్లకు మైదా అలాగే ఉంది. బయట రిక్షా ఆగింది. ఆయన గ్రేసీని పట్టుకుని దింపుతున్నాడు. మధ్యాహ్నం నుంచే నొప్పులట. అమ్మ పనిలో ఉంటుందని చెప్పకుండా ఓర్చుకుందట. రెండో కాన్పు. ఎంతోసేపు పట్టదని చూడగానే తెలిసింది.

గది మూసి ఉన్నప్పుడు ఎవరైనా వస్తే వెనకాల డ్రెస్సింగ్ రూంలో కాన్పు చేయడం మా దగ్గర మామూలే. కాని నిన్న పొద్దున అదే బల్ల మీద ఒక బాలింత రొమ్ము గడ్డ కోసి చీము తీశారు. ఎల్లమ్మ తుడిచింది. ఎలా తుడిచిందో నేను చూడలేదు.

డాక్టరమ్మ మెట్లు దిగుతూనే చెప్పింది, "అండ్ల వద్దు. పొద్దున చీము తీసినం. లేబర్ రూం తెరువుండ్రి. కిటికీలు తీసి అమ్మోనియా చల్లితే జరసేపట్ల ఘాటు పోతది. పొగ పూర్తిగ పట్టలేదు గాని, ఏం చేస్తం, రెండిట్ల అదే నయం."

ఆమె మాట పూర్తి కాకముందే నా చెయ్యి తలుపు మీద ఉంది. పేపరు కొస లేపాను. తడి మైదా, సులువుగా వచ్చింది. రాస్తున్నది నాకోసమే కనుక రాస్తాను: ఆ క్షణంలో నాకు ఇంకెవరూ గుర్తు లేరు. సోమవారం కాన్పుకు రమ్మని డాక్టరమ్మ చెప్పిన ఇద్దరు ఆడవాళ్లు గుర్తు లేరు. తలుపు తీసినవాళ్ల మీద నాకొచ్చిన కోపం గుర్తు లేదు. గ్రేసీ గోడ పట్టుకుని మూలుగుతోంది, అదొక్కటే వినపడుతోంది.

పెద్దమ్మ ఇంకా పైకి పోలేదు. తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఏం చేస్తానవే సుగుణా?"

"తెరుస్తాన పెద్దమ్మా."

"తెల్లారేదాక తియ్యద్దన్నది నువ్వే గద. నీ మాట మీద లక్ష్మికే యాల్ల మార్చిన నేను."

"నా బిడ్డ పెద్దమ్మా."

ఆమె గొంతు పెంచలేదు. "ఎల్లుండి అచ్చెటోళ్లు ఎవల బిడ్డలే?"

డాక్టరమ్మ అత్తగారి వైపు చూసి, నా వైపు చూసింది. "జల్ది చెప్పు సుగుణా. నీ బిడ్డ, నీ ఇష్టం. నేనైతే ఎటూ చెప్పలేను."

ఆ ముసలామె మీద అసహ్యం వేసింది. ఆ ఒక్క నిమిషం. ఆమె చెప్పింది తప్పని కాదు.

పేపరు కొసను బొటనవేలితో నొక్కి మళ్లీ అంటించాను.

తర్వాత డ్రెస్సింగ్ రూంలో ఏం చేశానో సగమే గుర్తుంది. మరుగుతున్న నీళ్లు, సోడా, గట్టి బ్రష్షు. బల్ల పైన, పక్కలు, కాళ్లు. బల్ల అంచు కింద వేలు పెట్టి చూశాను. ఒక చుక్క, ఎండిపోయినది. ఎల్లమ్మ పైన తుడిచింది, కింద చూడలేదు. మామూలు రోజైతే నేనూ చూసేదాన్ని కాదేమో. దాన్ని గీకి కడిగి, మళ్లీ మంచినీళ్లు, మళ్లీ తుడిచి, ఆ పైన పురుగు చంపే కార్బాలిక్ నీళ్లు. అవి పది నిమిషాలు ఆరకుండా ఉండాలి. ఉన్నాయా? గడియారం చూడలేదు. "అమ్మా, అయితలేదు నాతోని" అని గ్రేసీ అరిచింది. కొత్త రబ్బరు షీటు పరిచాను, దాని మీద ఉడికించిన బట్టలు. ఎల్లమ్మ నేల రుద్దుతోంది.

నా చేతులు కాలిపోయాయి. ఇవాళ బొబ్బలు.

ఆడపిల్ల. ఎనిమిదిన్నరకు ముందే. గట్టిగా ఏడ్చింది. డాక్టరమ్మ బొడ్డు కోసి కట్టింది. పెద్దమ్మ పైకి పోకుండా అక్కడే కూర్చుందట ఆ స్టూలు మీద. నేను పిల్లను ఎత్తుకుని బయటకు వస్తే, చేతులు చాచబోయి, వెనక్కి తీసుకుని, "ముందుగాల కడుక్కుంట" అని సింకు దగ్గరికి పోయింది.

ఆగస్టు 10. సోమవారం

లేబర్ రూంలో డాక్టరమ్మ మూతలు తీసిన గాజు ప్లేట్లు పెట్టింది. బల్ల మీద ఒకటి, నేల మీద ఒకటి, మూలన ఒకటి. ఆ ప్లేట్లలో పురుగుకు తిండి ఉంటుంది, గదిలో పురుగు ఉంటే అక్కడ పెరుగుతుంది. కాసేపు ఉంచి మూతలు పెట్టి ల్యాబ్‌కు పంపింది. మధ్యాహ్నం ఆ గదిలోనే ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒకరు రఘునాథపల్లి వాళ్లే, అల్లుడికి ఎరికట.

డ్రెస్సింగ్ రూంలో కూడా ప్లేటు పెట్టమని అడుగుదామనుకున్నాను. అడగలేదు. తెలిసి ఏం చేస్తాను?

ఆగస్టు 11

పాప పాలు తాగుతోంది. బొడ్డు నల్లబడి ఎండుతోంది. మంచిదే.

గ్రేసీని ఇంటికి తెచ్చాం. ఆయన పాప ముందు కూర్చుని కదలడం లేదు. పేరు పెట్టేశాడు కూడా, నన్నడగలేదు.

ఆగస్టు 12

పొద్దున చూశాను. పొడిగానే ఉంది. మధ్యాహ్నం అన్నానికి అని చెప్పి వచ్చి మళ్లీ చూశాను. "ఎన్నిసార్లు విప్పుతవమ్మా, గాలి తాకుతది" అని గ్రేసీ కసురుకుంది.

చేతులు మాత్రం కడిగి కడిగి విప్పుతున్నాను.

ఆగస్టు 13. గురువారం

ల్యాబ్ నుంచి కబురు వచ్చింది. లేబర్ రూం ప్లేట్లలో ఏమీ పెరగలేదు. మూలన పెట్టినదాంట్లో కూడా. డాక్టరమ్మ నా రెండు చేతులు పట్టుకుంది, బొబ్బలు చూసి వదిలేసింది. "ఆ ఇద్దరు పిల్లలు మంచిగున్నరు సుగుణా" అంది. ఎల్లమ్మ వరండాలో అందరికీ చెప్పుకుంటూ తిరిగింది. పెద్దమ్మ పైనుంచి కేకేసి పిలిచి బెల్లం ముక్క చేతిలో పెట్టింది. సంతోషంగానే ఉంది. ఉండాలి కూడా. ఇన్ని వారాల నుంచి కోరుకున్నది ఇదే.

సాయంత్రం ఇంటికి వచ్చాను. గ్రేసీ నిద్రపోతోంది. పాప మేలుకుని ఉంది, కాళ్లు ఆడిస్తోంది. చేతులు కడుక్కుని గుడ్డ విప్పాను.

అంచున చెమ్మ. పాలు కారి ఉండొచ్చు, చెమట కావచ్చు. కొంచెం ఎర్రగా ఉందా? ఈ లైటు వెలుతురులో అన్నీ ఎర్రగానే కనిపిస్తాయి. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను. తెలియలేదు. వంగి వాసన చూశాను. పాల వాసన... ఇంకేదైనా ఉందా? నా ముక్కునిండా కార్బాలిక్కే, ఈ ముక్కును నమ్మలేను.

ఆయన్ను పిలిచి చూడమందామా? గ్రేసీని లేపాలా? రిక్షాను పిలవాలా, పొద్దుటిదాకా చూడాలా?

పొయ్యి మీద నీళ్లు పెట్టాను. కాగుతున్నాయి.